తలుపు బయట హాట్‌స్పాట్

మా ఆయన నరేందర్ చాలా మంచివాడని అపార్ట్‌మెంట్ అంతా చెబుతుంది. లిఫ్టు ఆగినా, ఎవరింట్లో టీవీ రాకపోయినా ముందు పరుగెత్తేది ఆయనే. అలాంటి మొగుడితో కాపురం చేసేదానికి ఫిర్యాదు చేసే హక్కు ఉండదు. చేసినా ఎవరూ నమ్మరు. నాకు ఎదురైంది అదే.

పుప్పాలగూడలో అత్తవాళ్ల పొలంలో లేచిన అపార్ట్‌మెంట్‌లోనే మా ఫ్లాటు. కిటికీ తెరిస్తే ఎటు చూసినా ఆఫీసుల అద్దాలే. వాటిల్లో ఒకదాంట్లో నాకూ ఒక కుర్చీ ఉండేది. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేసేదాన్ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా పని, అందులో నాకు మంచి పేరే ఉండేది. ఇంతలో మామయ్యకు పక్షవాతం వచ్చింది. నర్సును పెడదామంటే నరేందర్ ఒప్పుకోలేదు. "ఎంతైనా ఇంటి మనిషి చూసుకున్నట్టు ఉంటదా ప్రియా?" అన్నాడు. ఇంటి మనిషి అంటే ఎవరో నాకు అప్పుడే అర్థమైంది. ఉద్యోగం మానేశాను.

మామయ్య నిరుడు పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక మళ్లీ ఉద్యోగాల వేట మొదలుపెట్టాను. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న: ఇన్నేళ్లు ఖాళీగా ఎందుకున్నారు? ఖాళీగా! మంచంలో ఉన్న మనిషికి తినిపించి, కడిగి, బట్టలు మార్చి, రాత్రిళ్లు లేచి పక్కకు తిప్పినదాన్ని ఖాళీగా ఉన్నానట. నవ్వుతూ జవాబు చెప్పేదాన్ని. నవ్వకపోతే ఉద్యోగం రాదని కూడా ఎవరో సలహా ఇచ్చారు.

చివరికి రాయదుర్గం దగ్గర ఒక కంపెనీ నన్ను ఆఖరి రౌండు దాకా రానిచ్చింది. ఇది గట్టెక్కితే వచ్చే నెలలో చేరొచ్చు. గట్టెక్కకపోతే ఖాళీ ఇంకా పెరుగుతుంది, ఆ తర్వాత పిలిచేవాళ్లే ఉండరు. ఇది నాకు తెలుసు, నరేందర్‌కూ తెలుసు. అతనూ ఈ ఉద్యోగాల్లోనే ఉన్నాడు కదా.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే కింద రోడ్డు తవ్వుతున్న జేసీబీ కేబుల్ తెంపింది. ఇంట్లో నెట్ పోయింది. మా ఇద్దరి ఫోన్లకూ ఫ్లాటులో సిగ్నల్ అందదు. ఎదురుగా కొత్త టవర్లు లేచినప్పటి నుంచీ అంతే. మిగిలింది అత్తమ్మ టాబ్ ఒక్కటే. మామయ్య మంచంలో పడుకుని భజనలు చూసుకోవడానికి కొన్నది. అందులో వేరే కంపెనీ సిమ్ ఉంది, అది మాత్రం ఎట్లాగో సిగ్నల్ పట్టుకుంటుంది. ఇప్పుడు అత్తమ్మ దాంట్లో సీరియళ్లు చూస్తుంది.

"తీస్కో బిడ్డా," అంది అత్తమ్మ. "సీరియలు ఏడికి పోతది, మాపటికి జూస్త."

టాబ్‌లో హాట్‌స్పాట్ పెట్టి దాని నెట్‌ను నా లాప్‌టాప్‌కు కలిపాను. వీడియో కాల్ పెట్టి చూస్తే ఎక్కడా ఆగలేదు. నరేందర్‌కు కూడా ఆ రోజు ఇంటి నుంచే పని. అతని మీటింగు మధ్యాహ్నం.

"నీదయ్యేదాక నేను దాన్ని ముట్ట. ఫికర్ చెయ్యకు," అన్నాడు. కాఫీ కూడా కలిపి ఇచ్చాడు. మంచివాడని చెప్పాను కదా.

పడకగదిలో బల్ల దగ్గర కూర్చున్నాను. అవతల ఇద్దరు. ప్రశ్నలు అడిగేది ఉదయ్ భాస్కర్ గారు, హెచ్ఆర్ నుంచి వసంత గారు. నమస్కారాలయ్యాక ఉదయ్ భాస్కర్ గారు మొదట అడిగింది గది చూపించమని.

ఇది మా దగ్గర మామూలే. ఈ ఐటీ ఊళ్లో ఇంటర్వ్యూలకు ఒక దొంగ విద్య పుట్టింది. కెమెరా ముందు ఒకరు కూర్చుని పెదాలు కదుపుతారు, జవాబులు ఇంకెవరో చెబుతారు. దానికి ప్రాక్సీ అని పేరు, చేసిపెట్టేవాళ్లకు గిరాకీ. వాళ్ల పుణ్యమా అని ఇప్పుడు అందరం దొంగల్లాగా లాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలూ, మంచం కిందా చూపించాలి. చూపించాను.

"ఆ బల్ల మీద టాబ్ ఏంటండి?" అన్నారు ఆయన.

"నెట్ దాన్నుంచే వస్తోంది సార్. ఇంట్లో కేబుల్ తెగిపోయింది."

"అర్థమైందండి. కానీ గదిలో రెండో స్క్రీన్ ఉండకూడదు. రూలండి, ఏమనుకోకండి. బయట పెట్టేసి తలుపు వేసుకోండి. గోడ అవతలి నుంచైనా నెట్ వస్తుంది కదండి."

వస్తుంది, నిజమే. తలుపు తెరిచి చూస్తే హాల్లో అత్తమ్మ ఉంది. తలుపు పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, టాబ్ ఆమె ఒళ్లో పెట్టాను.

"అత్తమ్మా, నేను బయటికొచ్చేదాక దీన్ని ఎవరికీ ఇయ్యొద్దు. ఇది ఈడ్నుంచి కదిల్తే నా ఇంటర్వ్యూ ఆగిపోతది."

"నేనెందుకిస్త? నువ్వు బోయి మంచిగ జెప్పు," అంది. టాబ్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ఆమెను చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. నిజంగా బాగా జరిగింది, ఇందులో గొప్ప చెప్పుకోవడం లేదు. మరిచిపోయాననుకున్నదంతా వేళ్లలోనే ఉంది. వసంత గారు ఖాళీ గురించి అడిగితే మామయ్య సంగతి చెప్పాను, ఆవిడ ముఖం మెత్తబడింది. చివర్లో ఉదయ్ భాస్కర్ గారు ఒక లెక్క ఇచ్చారు. ఒక బ్యాంకులో ఒకే బదిలీ పొరపాటున రెండుసార్లు నమోదైతే, అలాంటివన్నీ బయటికి తీసే క్వెరీ రాయాలి. ప్రశ్న వింటుంటేనే జవాబు కనబడింది. సగం టైప్ చేశాను.

తెర మీద ఆయన ముఖం నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది.

తలుపు తీశాను. కుర్చీలో అత్తమ్మ ఉంది, చేతుల్లో టాబ్ లేదు.

"వాడు తీస్కపోయిండు," అంది, నా ముఖంలోకి చూడకుండా. "ఆఫీసోళ్లతోని ఇప్పుడే మాట్లాడాల్నంట. నేను ఒద్దన్న బిడ్డా. గుంజుకొని పాయె."

నరేందర్ హాలు దాటి బాల్కనీలో ఉన్నాడు. అక్కడైతే సిగ్నల్ ఇంకా బాగా వస్తుంది. పిట్టగోడ మీద టాబ్, పక్కన అతని లాప్‌టాప్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మా గది దాకా ఆ నెట్ రావడానికి మధ్యలో ఎన్ని గోడలో అతనికి తెలియదా? టాబ్ కోసం చెయ్యి చాపాను. దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. మైకు ఆపి, "ఆగు జర. మేనేజర్ లైన్ల ఉన్నడు," అన్నాడు.

"నా ఇంటర్వ్యూ నడుస్తుంది నరేందర్."

"రెండు నిమిషాలు. వాళ్లేడికి పోతరు?"

మైకు పెట్టుకుని నవ్వుతూ ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాడు. నా లాప్‌టాప్‌ను అక్కడికే తెచ్చుకుందామంటే, పక్కన మనిషి కనబడితే ఆట ముగిసినట్టే. గుంజుకుందామంటే అతని కెమెరాలో వాళ్ల మేనేజరు చూస్తున్నాడు. నిలబడ్డాను. పని మనిషి సరుకుల డబ్బుల కోసం నిలబడినట్టు, నా సొంత ఇంటి బాల్కనీ గుమ్మంలో నిలబడ్డాను. మాటలైపోయాక, నవ్వులూ అయిపోయాక, టాబ్ ఎత్తి నా చేతిలో పెట్టాడు.

"గింతదానికి మొఖం అట్ల పెడ్తవేంది?"

పరుగెత్తి టాబ్‌ను అత్తమ్మ ఒళ్లో పడేసి లోపలికొచ్చాను. మళ్లీ కలిసేసరికి వాళ్లిద్దరూ ఇంకా ఉన్నారు. క్షమాపణ చెప్పి, మిగతా క్వెరీ ఆగకుండా రాసేశాను. ఒక్క అక్షరం దిద్దుకోలేదు. అప్పుడైనా కాస్త తడబడాల్సింది. అబద్ధమాడేవాళ్లకు ఉండే ఆ తెలివి నాకు లేకపోయింది.

ఉదయ్ భాస్కర్ గారు దాన్ని చాలాసేపు చదివారు.

"కరెక్టేనండి. చాలా బాగుంది. సగంలో ఆపి వెళ్లారు, వచ్చి మొత్తం రాసేశారు. బయట ఎవరున్నారండి?"

"మా అత్తమ్మ. మా ఆయన."

"ఆయనేం చేస్తారండి?"

"సాఫ్ట్‌వేరే."

ఉదయ్ భాస్కర్ గారు తల వంచి ఏదో రాసుకున్నారు. ఆ రాసుకోవడమే నాకు చెంప మీద కొట్టినట్టయింది. జరిగింది చెప్పాను: టాబ్ మా ఆయన తీసుకెళ్లాడు, నెట్ అందువల్లే పోయింది అని. ఇంకో ప్రశ్న అడగండి, కావాలంటే పది అడగండి అన్నాను. టైమైపోయిందండి అన్నారు ఆయన. వసంత గారికి మాత్రం నా మీద జాలి కలిగినట్టుంది. "మేం ఒకసారి మాట్లాడుకుంటాం. అవసరమైతే మీ హజ్బెండ్‌తో కూడా మాట్లాడతాను. ఆయన కూడా ఇదే చెబితే మళ్లీ ఇంకో రౌండు పెట్టించడానికి చూస్తానండి," అన్నారు.

అదే మాట నరేందర్‌కు చెప్పాను. బతిమాలాను కూడా. "జరిగింది జరిగినట్టు చెప్పు. అంతే."

"అరె, గింతేనా? చెప్త తియ్. నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు. నేను నమ్మాను. అంత చిన్న నిజం చెప్పడానికి ఎవరికైనా ఏం కష్టం?

మర్నాటి సాయంత్రానికి కేబుల్ అతికించారు, ఇంట్లో నెట్ వచ్చింది. నరేందర్ చిన్నాన్న కొడుకు సాయిచంద్ కొత్తగూడలో ఏదో పని చూసుకుని మా ఇంటికొచ్చాడు. వాడికి నరేందర్ అంటే దేవుడే. ఇంజనీరింగ్ చదవమన్నదీ, ఉద్యోగం చూపించిందీ ఈయనే. ఇద్దరూ సోఫాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే వసంత గారి వాట్సాప్ కాల్ వచ్చింది. గది లోపలికి రమ్మని నరేందర్‌కు సైగ చేశాను. "ఈడ్నే పెట్టు, మనోడే గద," అన్నాడు. స్పీకర్ పెట్టాను.

"నరేందర్ గారా? ఒక్క విషయమేనండి. నిన్న కృష్ణప్రియ గారి ఇంటర్వ్యూ మధ్యలో టాబ్ మీరు తీసుకెళ్లారా?"

నరేందర్ ఫోన్ వైపు చూశాడు. తర్వాత సాయిచంద్ వైపు చూశాడు. వాడు చెవులు రిక్కించి వింటున్నాడు.

"నేనెందుకు తీసుకెళ్తా మేడమ్?" అన్నాడు నరేందర్. నవ్వాడు కూడా. "వైఫ్ ఇంటర్వ్యూ జరుగుతుంటే ఎవరైనా నెట్ తీసేస్తారా? సిగ్నల్ దానంతటదే పోయింది. తను కంగారుపడి వస్తే నేనే మళ్లీ సెట్ చేసిచ్చిన."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "అబద్ధం," అన్నాను. "మేడమ్, అబద్ధం చెప్తున్నారు. టాబ్ బాల్కనీలో ఉండె. నేనక్కడ నిలబడి అడుక్కున్న."

"ప్రియా, ఏంది గిట్ల?" అన్నాడు నరేందర్, మెల్లగా, సహనంగా. పక్కన చూసేవాళ్లకు అతని సహనమే కనబడుతుంది. "టెన్షన్‌ల ఉన్నది మేడమ్. చాలా రోజుల తర్వాత ఇంటర్వ్యూ గదా."

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చెబితే చాలు. ఆ ఒక్క మాటతో అంతా సరిపోతుంది.

"అత్తమ్మా, నీ చేతుల్లకెళ్లి గుంజుకపోయిండని నువ్వే జెప్తివి గద. మేడమ్‌కు చెప్పు. తెలుగులనే చెప్పు, ఆమెకు అర్థమైతది."

అత్తమ్మ కొడుకును చూసింది. సాయిచంద్‌ను చూసింది. నన్ను మాత్రం చూడలేదు.

"ఆ మిషిన్ల సంగతి నాకేం ఎరుక బిడ్డా," అంది. "నెట్టు వస్తదో పోతదో, నాకేం దెలుసు?"

వసంత గారి గొంతు మారిపోయింది. మునుపటి మెత్తదనం లేదు. "సరేనండి. ఒకే ఇంట్లో రెండు రకాలుగా చెబుతుంటే మేం ఏం చేయలేం. ఈ అప్లికేషన్ ఇక్కడితో క్లోజ్ చేస్తున్నాం. ఆల్ ది బెస్ట్," అని పెట్టేశారు.

నరేందర్ మీద కోపం ఉంది, అసహ్యం కూడా వేసింది. కానీ అతని అబద్ధం నాకు అర్థమవుతుంది. పెళ్లాం చేతిలోంచి నెట్ గుంజుకున్నానని తమ్ముడి ముందు ఒప్పుకోలేకపోయాడు, అంతే. అత్తమ్మే నా నోట్లో మాట లేకుండా చేసింది. ఆమెకు అన్నీ తెలుసు. నా ఉద్యోగం తన ఒక్క మాట మీద ఉందనీ తెలుసు. తెలిసే మింగేసింది.

సాయిచంద్‌కు ఇబ్బందిగా ఉంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు: "పోనీ తియ్ వదినా. ఈ కంపెనీ కాకపోతే ఇంకోటి. నరేందరన్న ఉండంగ నీకేం ఫికర్?"

"గట్ల జెప్పు," అన్నాడు నరేందర్. "మా ఆఫీసుల అడుగుతనని మొన్నట్నుంచి అంటున్న. నా మాట ఇంటదా?"

అత్తమ్మ అవునన్నట్టు తల ఊపి, టీ పెట్టడానికి లోపలికి పోయింది.