నాటకశాల కింద నలభై ఒక్క కుండలు

అనంతపురం పాతూర్లోని రంగవిలాస నాటకశాలను చూసి ముక్కున వేలేసుకోని పెద్దలు లేరు. మైకు అనే మాటే ఎవరూ ఎరగని రోజుల్లో, నూరేళ్ల కిందట కట్టారు దాన్ని. ఎనిమిది వందల మంది పట్టే హాలు. రంగం మీద రాజు నిట్టూరిస్తే, చివరి బెంచీలో శనక్కాయలు ఒలుచుకునే రైతు చెయ్యి ఆగిపోయేదట. చందాలిచ్చిన వాళ్ల పేర్లు గుమ్మం నిండా చెక్కించారు గానీ, అంత గొప్ప పని చేసిన మేస్త్రీ పేరు ఏ రాయి మీదా లేదు. లోకం తీరే అంత.

హేమావతి ఆ హాలుకు కాపలా మనిషి. శింగనమల నుంచి కోడలిగా వచ్చి, హాలు వెనక గదిలోనే కాపురం పెట్టింది. ఆమె మామ ఎర్రప్ప అక్కడ తెర లాగేవాడు. తెర లాగడం అందరూ చూసే పని. అసలు పని అంతకుముందే ఉండేది. జనాన్ని లోపలికి వదలకముందు రాజు వేషగాడు రంగం మీద నిలబడి, గొంతు పెంచకుండా ఒక పద్యం ఎత్తుకోవాలి. చివరి బెంచీలో కూర్చున్న ఎర్రప్పకు అక్షరం అక్షరం వినపడితే, భుజం మీది ఎర్రతుండు పైకెత్తుతాడు. తుండు లేస్తేనే తలుపులు తెరిచేవాళ్లు.

ఎర్రప్ప పోయి పన్నెండేళ్లయింది. ఆ ఏడాదే రాజు వేషం కట్టే బయ్యన్న పద్యం మధ్యలో ఆగింది. బయ్యన్న అంటే సామాన్యుడు కాదు. కళ్యాణదుర్గం నుంచి బండ్లు కట్టుకుని వచ్చి వినేవాళ్లు ఆయన పద్యాన్ని. అలాంటిది వెనక బెంచీల నుంచి "ఇనపడల్యా" అని కేకలు లేచాయి. హాలుకు ఏదో అయిందని ఆయన అంటే, ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వారు. కిరీటం తీసి పెట్టెలో పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత మైకులు తెచ్చారు, అవి గీపెట్టాయి. నాటకాలే మానుకున్నారు.

ఇప్పుడు ఆదివారం పొద్దున నాటక సంఘం కూర్చుంటోంది. హాలు కూల్చి కళ్యాణ మండపం కట్టాలని అధ్యక్షుడు కదిరప్ప ఆలోచన. ఆయన ధర్మవరం పట్టుచీరల వ్యాపారి, చెడ్డవాడు కాదు. వినపడని నాటకానికి హాలెందుకని ఆయన వాదన. హేమావతికి మాత్రం మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. గది పోతుందని కాదు. రోజూ చిమ్మిన ఆ హాలు కూలుతుంటే చూడలేక, అంతే.

శనివారం పొద్దెక్కాక, కూల్చేలోపు హాలును ఒకసారి చూసుకుందామని బయ్యన్న వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, కట్టె పట్టుకుని రంగమంతా తిరిగాడు. ఒకచోట ఆగి చెక్కను కట్టెతో తట్టి, మీ మామకు ఈ హాలంటే ప్రాణం అన్నాడు. ఏటా మొదటి నాటకానికి ముందు ఎర్రప్ప రంగం కిందికి దూరేవాడట. అక్కడ మేస్త్రీ పాతిపెట్టిన నలభై ఒక్క కుండలను ఒక్కొక్కటిగా వేలితో తట్టి చూసేవాడట.

"ఆ కుండలే గదమ్మే ఈ హాలుకు గొంతు. ఒట్టి కుండలైతేనే పలుకుతాయి."

హేమావతికి అప్పుడు అర్థమైంది. రంగం కింది చిన్న తలుపు తాళంచెవి మామ మొలతాడుకే ఉండేది. ఆయన ఉన్నట్టుండి పోయాక ఆమె ఆ తలుపు తీసింది. కరువు సంవత్సరం, కొళాయి వారానికోసారి వచ్చే రోజులు. ఎదురుగా నలభై ఒక్క ఖాళీ కుండలు. ఈ సీమలో ఏ ఆడమనిషి వాటిని ఖాళీగా ఉంచుతుంది? నాటకం చూడవచ్చే వాళ్ల దాహానికి ఉంటాయని అన్నిటినీ అంచుదాకా నింపింది. నాటకాలు ఆగినా, కరువుకు ఉంటాయని పన్నెండేళ్లుగా నీళ్లు మార్చి మార్చి నింపుతూనే ఉంది.

"బయ్యన్న మామా, ఆ కుండల్లో నీళ్లుండాయి. నేనే పోసినా. తప్పు నాది."

బయ్యన్న మెట్టు మీద కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది హేమావతికి.

"గొంతే పోయిందనుకుంటి గదమ్మే. ఇంట్లో గూడా పాడల్యా," అన్నాడు.

ఆమె వీధిలోకి పరుగెత్తింది. నేల మీద పారబోయడానికి అవి మామూలు నీళ్లా, అనంతపురం నీళ్లు. బిందెలతో ఆడవాళ్లు బారులు తీరారు. సాయంత్రానికి ఒక్క చుక్క వృథా కాకుండా కుండలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్కోదాన్నీ పాత చీరతో తుడిచి, ఆరడానికి చిన్న తలుపు తెరిచి ఉంచింది.

ఆదివారం సంఘం ముందు నిలబడి జరిగింది దాచకుండా చెప్పి, బయ్యన్న పద్యం ఒకసారి విని చూడమని అడిగింది. కదిరప్ప గడియారం చూసుకుని, ఒక్క పద్యమే, అంతకు మించి వద్దన్నాడు. హేమావతి మామ ఎర్రతుండు భుజాన వేసుకుని చివరి బెంచీకి వెళ్లింది. అప్పుడు పట్టుకుంది ఆమెకు అసలు భయం. కుండలైతే ఖాళీ చేసింది గానీ, ఆ ముసలాయన గొంతు నిజంగానే పోయి ఉంటే?

బయ్యన్న ఎత్తుకున్నాడు. మొదటి మాట దగ్గరే దగ్గు వచ్చింది. ఆగి, కళ్లు మూసుకుని, పక్క మనిషితో మాట్లాడినంత మెల్లగా మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ పద్యం హేమావతికి ముందు అరికాళ్లలో తగిలింది, తర్వాత చెవికి వచ్చింది. వయసు వల్ల గొంతు వణికింది. ఆ వణుకు కూడా వినపడింది. ఎంత గొప్పవాడు ఆ మేస్త్రీ, ఎంత గొప్పవాడు ఈ మనిషి అనుకుంది. కళ్ల నిండా నీళ్లు.

పద్యం అయిపోయింది. కదిరప్ప కుర్చీలోంచి వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. సంఘమంతా చూసింది. హేమావతి లేచి నిలబడి ఎర్రతుండు పైకెత్తింది. దించలేదు.

"తలుపులు తెరువుమ్మే," అన్నాడు బయ్యన్న రంగం మీద నుంచి.

ఆమె కదిలేలోపే కదిరప్ప లేచి, తనే వెళ్లి గడియ తీశాడు. బయట నిన్న నీళ్లు పట్టుకున్న ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు.