సొంత ఇఖామా

రెండో బిర్యానీ డేగిసాకు దమ్ము పెడుతుంటే కరీమున్నీసా చేతికి ఆవిరి తగిలింది. చెయ్యి కుళాయి కింద పెట్టి, తెర అవతలి మాటలు వింటూ నిలబడింది.

అరబ్బు దేశంలో, అల్ అజీజియాలో తెలుగువాళ్ళ సంఘం అద్దెకు తీసుకున్న ఇల్లు అది. ముందు హాలు మగవాళ్ళది. తెర వెనక వంటగది, దాన్ని ఆనుకున్న చిన్నగది ఆడవాళ్ళవి. చిన్నగదిలో శుక్రవారాలు ఆమె పాఠం చెబుతుంది. రాయచోటిలో టీచరుగా ఉండగా ఆడపిల్లల బడి కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగిన మనిషి. భర్త సుభాని దగ్గరికి వచ్చాక, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు తెలుగు, అరబ్బీ అక్షరాలు నేర్పుతోంది.

సంఘంలో ఆడవాళ్ళకు ఓటు ఇవ్వమని ఏటా అడుగుతోంది. ఏటా ఒకటే జవాబు. సొంత ఉద్యోగం మీద ఇఖామా, అంటే నివాస అనుమతి, ఉన్నవాళ్ళకే ఓటు. ఆమె ఉన్నది భర్త ఇఖామా మీద.

ఈ రోజు సభలో రెండు పనులున్నాయి. చిన్నగది ఖాళీ చేయించి జిమ్ పెట్టడం ఒకటి. కరీమున్నీసాకు సన్మానం రెండోది. రెండూ ప్రెసిడెంటు నౌమాన్ పెట్టినవే.

జిమ్ సాకు. పోయిన నెల ఆమె దగ్గర చదువుకునే పనిమనిషి రిజ్వానా తన పని ఒప్పందం తానే చదువుకుని, వారానికో సెలవు అడిగింది. కఫీల్, అంటే ఆమెను పనికి తెచ్చుకున్న యజమాని, సెలవు ఇచ్చాడు. ఇచ్చి, నౌమాన్‌కు ఫోన్ చేసి బడి సంగతి అడిగాడు.

"గది పోతే మేం యాడ కూసోవాల టీచరమ్మా?" అంది రిజ్వానా. "సుభానీ సారు మన పక్కనే గదా?"

"మన పక్కనే అని పొద్దున చెప్పినాడు" అంది కరీమున్నీసా.

"మొగుడు పొద్దున చెప్పింది జుమ్మా నమాజు దాకా నిలుస్తాదా?" అంది ఉల్లిపాయలు తరుగుతున్న జైనాబ్. ఆడవాళ్ళు నవ్వారు.

"జిమ్ కావాల్నంటోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నాడు నౌమాన్ హాల్లో.

కరీమున్నీసా తెర సందులోంచి చూసింది. ఆమె భర్త మహబూబ్ సుభాని ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. అక్కడ ఇఖామాల పని చూసేది నౌమాన్. సుభాని తివాచీ వైపు చూస్తూ చెయ్యి ఎత్తాడు.

రిజ్వానా చేతులు తుడుచుకుని తెర తోసుకుని హాల్లోకి నడిచింది.

"నాకు సొంత ఇఖామా ఉండాది. లోపల శానా మందికి ఉండాది. గది మాకు కావాల. నా చెయ్యి లెక్కబెట్టు సార్."

ఆ నియమం పెట్టింది భార్యలను ఆపడానికి. పనిమనుషుల సంగతి ఎవరికీ తట్టలేదు.

"మంచిగ పట్టినవమ్మా. రూల్ రూలే" అని నౌమాన్ ఫోన్ తీశాడు. "ఒక్క మాట మీ కఫీల్‌ను అడుగుదమా, ఈడ ఓట్లేస్తున్నవని?"

నంబరు వెతుకుతున్నంతసేపూ రిజ్వానా చెయ్యి పైనే ఉంది. అవతల రింగు వినిపించాక దిగింది.

"కట్ చేసిన, భయపడకు. జిమ్ పాసయింది. ఇగ సన్మానం. ఆడోళ్ళ చదువుకు దారి చూపించిన మన కరీమున్నీసా ఆపాకు! ఆపా తరఫున సుభానీ భాయ్ తీసుకుంటడు."

ఆడవాళ్ళ సన్మానాలు ఆ హాల్లో అలాగే జరుగుతాయి. సుభాని భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. అతను శాలువా తీసి మడిచి తెర వెనక్కి వచ్చాడు.

"తీస్కో కరీమా. నెల తిరిగితే నా ఇఖామా రెన్యూవలు ఆయప్ప చేతిలో ఉండాది. నన్నేం జెయ్యమంటావు?"

"ఏం జెయ్యొద్దు. ఎత్తిన చెయ్యి ఉంది గదా, దాంతోనే శాలువా పట్టుకోండి."

"ఆపా, బిర్యానీ పంపుండ్రి!" హాల్లోంచి ఎవరో కేకేశారు.

"ఆకలైనోళ్ళు వచ్చి పెట్టుకోండి" అంది కరీమున్నీసా, తెర అవతలికి వినబడేలా. "మాకు పాఠముంది."

చిన్నగదిలోకి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది. జైనాబ్ కత్తిపీట పక్కన పెట్టి లేచింది. ఒకరి వెనక ఒకరు వచ్చి చాప మీద కూర్చున్నారు. డేగిసా మూత మీద బొగ్గులు అలాగే ఉన్నాయి. సుభాని శాలువాతో వంటగదిలోనే నిలబడ్డాడు.

హాల్లో నౌమాన్ ఫోన్ మోగింది. అతను గొంతు తగ్గించి అరబ్బీలో మాట్లాడాడు. కాసేపటికి రిజ్వానా ఫోన్ మోగింది. పేరు అరబ్బీలో ఉంది. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తన కఫీల్ పేరే.

ఫోన్ చాప మీద బోర్లించి, పలక తీసుకుంది. ఫోన్ మోగుతూనే ఉంది.