వాపస్ చెప్పు

"నేనేం చెప్పాను? వాపస్ చెప్పు."

కీర్తన గోడకున్న ఆక్సిజన్ మర మీద చెయ్యి వేసి బడిపిల్లలా అప్పజెప్పింది. "పదకొండో నంబరు. ఆక్సిజన్ మూడు లీటర్లు. తెరిచి ఉంది. మూయమంటే తప్ప మూయకూడదు."

"ఎవరు మూయమన్నా?"

"ఎవరు మూయమన్నా వాపస్ చెప్పాకే, సిస్టర్."

అప్పుడుగానీ వార్డు ఇన్‌చార్జి హన్నా పన్నెండో మంచం వైపు కదలలేదు. ఉదయం ఎనిమిదిన్నర అయింది. ఆవిడ పొట్టి మనిషి. యాభై ఏడేళ్ల బరువూ చీలమండల్లోకి దిగినట్టు మధ్యాహ్నానికి రెండు కాళ్లూ బూట్లలో పట్టవు. తెల్లకోటు కుడి జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టరు చుట్ట, ఎడమ జేబులో నీలం మార్కరు, గుండె మీద పిన్నుతో తలకిందులుగా వేలాడే గడియారం. కుడికాలు కొంచెం ఈడుస్తుంది. అయినా ముప్పై నాలుగు మంచాల ఆ వార్డులో ఏ మూల ఎవరు మూలిగినా అందరికన్నా ముందు చేరేది ఆవిడే.

పదకొండో మంచం మీద వెంకటస్వామి మాస్కు కింద నుంచి నవ్వాడు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మనిషి. రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు సుత్తి పట్టి రిటైరయ్యాడు. అప్పటి పొడంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది, దాని మీద ఇప్పుడు నిమోనియా. నాలుగు రోజుల్లో ఈవేళే కాస్త తేరుకున్నాడు.

"అచ్చం మీ అయ్యేనే పాపా," అన్నాడు. యాభై ఏడేళ్ల ఆవిడని పాపా అనే మనిషి రాయ్‌పూర్ మొత్తం మీద ఇంకెవరూ మిగల్లేదు.

హన్నా తండ్రి దానియేలు అదే వర్క్‌షాపులో క్రేను కింద పనిచేశాడు. పైవాడు "దించుతున్నా" అని కేకేస్తే కిందివాడు "దించు" అని తిరిగి కేకెయ్యాలి. ఆ కేక వినబడేదాకా కొక్కెం కదలకూడదు. ఒకరోజు పైవాడు ఆగలేదు. అప్పటినుంచి దానియేలు కుడిచేతికి మూడే వేళ్లు. ఆ మూడు వేళ్లూ అన్నం కలుపుతుంటే చూస్తూ పెరిగింది హన్నా. నర్సింగు బళ్లో నేర్చుకున్నది సగం మరిచిపోయిందేమోగాని ఇది మరవలేదు. పంతొమ్మిదేళ్లుగా శంకర్ నగర్‌లోని ఈ ఆసుపత్రిలో తన చేతి కిందికి వచ్చిన ప్రతి పిల్లకీ ఇదే నేర్పింది. వెనకాల అందరూ ఆవిణ్ని వాపస్ సిస్టర్ అంటారు. ముందు కూడా అంటారు.

పెళ్లి చేసుకోలేదు. అడిగేవాళ్లు ఉన్నప్పుడు తమ్ముడి చదువు అడ్డొచ్చింది, తీరుబడి దొరికాక అడిగేవాళ్లు లేరు. పిల్లలున్న నర్సులు ఇంటికి పోతారని పంతొమ్మిది క్రిస్మస్‌లలో పద్నాలుగు వార్డులోనే గడిపింది. కరోనాలో మేనేజిమెంటు వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి నర్సుల మీద పూలు చల్లారు. పూలు ఊడ్చేశాక షిఫ్టుకి ఐదుగురున్న నర్సుల్ని ఇద్దరు చేశారు. ఈవేళ ఆ ఇద్దరిలో ఒకతె జ్వరంతో రాలేదు. మిగిలింది కీర్తన. పాలకొల్లు నుంచి వచ్చి రెండు నెలలైంది, హిందీ సగమే వచ్చు.

పొద్దున వార్డులోకి రాగానే హన్నాకి ఒళ్లు మండింది. గోడల మీద తన ప్లాస్టరు పట్టీలు లేవు. ప్రతి ఆక్సిజన్ మర కిందా నీలం అక్షరాలతో ఆవిడ అంటించినవి. వచ్చే వారం పెద్ద తనిఖీ ఉందని, గోడలు మచ్చలుగా కనబడుతున్నాయని క్వాలిటీ మేనేజరు సాహూ రాత్రికి రాత్రే అన్నిటినీ గీకించేశాడు. సున్నం కూడా లేచొచ్చింది. ఇప్పుడు నిజంగానే మచ్చలుగా ఉంది.

ఆ పట్టీల మీద ఉన్నది ఒక్కటే సంగతి. ఈ వార్డులో చాలు అనే మాట వాడకూడదు. తెలుగులో చాలు అంటే ఇక వద్దు. హిందీలో చాలూ అంటే నడుస్తోంది, నడవనీ. మొదటి సంవత్సరంలో హన్నా స్వయంగా ఒక సెలైన్ బాటిలు అలాగే మూసింది. దేవుడి దయవల్ల అప్పుడేమీ కాలేదు. ఆ రోజే మొదటి పట్టీ రాసింది, ఒక వరస తెలుగు, ఒక వరస హిందీ. తెరువు, మూయి. ఖోలో, బంద్ కరో. అంతే. డాక్టర్లు నవ్వారు. నవ్వితే నవ్వారని ఊరుకుంది.

పదింటికి సాహూ ఫోను చేశాడు. నాలుగో అంతస్తులో క్లాసు, వార్డు ఇన్‌చార్జులందరూ రావాలి. నర్సుల మీద పర్యవేక్షణ ఎలా చెయ్యాలో, నాయకత్వం అంటే ఏమిటో నేర్పుతారట. తనిఖీవాళ్లు ఆ సర్టిఫికెట్లు అడుగుతారట. హన్నా వార్డులో ఒక్క పిల్లే ఉందని చెప్పింది. ముప్పై నాలుగు మంచాలని కూడా చెప్పింది. సాహూ నవ్వి, నాయకుడు లేకపోయినా పని జరగడమే నాయకత్వమన్నాడు. ఆ ముక్క అక్కడెక్కడో విని వచ్చి ఉంటాడు.

నాలుగో అంతస్తు గుమ్మం దగ్గర బుట్ట పెట్టారు. క్లాసులో మోగకుండా ఫోన్లన్నీ అందులో వెయ్యాలి. హన్నా బుట్టకేసి చూసింది, వెనకున్నవాళ్లు తోస్తున్నారు. వేసింది. ఆ తర్వాత బతికినంతకాలం తనని తాను తిట్టుకోవలసింది ఆ ఒక్క పనికే.

నేర్పే అమ్మాయికి ముప్పై ఉండవు. వార్డులో ఒక్క షిఫ్టు చేసిన చేతులు కావవి, గోళ్లు చూస్తేనే తెలుస్తుంది. గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి శ్రీరంగనీతులు చెబుతోంది. జట్టుతో కలిసి నడవాలి, తప్పుని నేర్చుకునే అవకాశంగా చూడాలి, నింద మోపకూడదు. పదకొండు దాటాక ఒక బొమ్మ వచ్చింది. ఇద్దరు మనుషులు, మధ్య రెండు బాణాలు. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలట. ప్రపంచమంతా దీన్నే పాటిస్తోందట. వెనక వరసలో నలుగురు నర్సులు హన్నాకేసి తిరిగి వాపస్ సిస్టర్ అని గుసగుసలాడి నవ్వారు. హన్నా నవ్వలేదు. తను గోడకి అంటిస్తే మచ్చ అయింది, వీళ్లు గోడ మీద వేస్తే పాఠం అయింది.

పదకొండూ నలభైకి వార్డు ఆయా తలుపు తోసుకుని వచ్చింది. మెట్లెక్కి వచ్చినట్టుంది, మాట రావడం లేదు. పది వేళ్లూ చూపించి, మళ్లీ ఒక వేలు చూపించింది. హన్నా లిఫ్టుకోసం ఆగలేదు.

వెంకటస్వామి పెదవులు నీలంగా ఉన్నాయి. మాస్కు మొహం మీదే ఉంది. గోడ మీద మర మూసి ఉంది. హన్నా మర తిప్పి, గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కుతూ డాక్టరుకోసం అరిచింది. డాక్టర్లు వచ్చారు, గొట్టం వేశారు, సూదులు పొడిచారు. పన్నెండూ ఇరవైకి వెంకటస్వామి పోయాడు.

కీర్తన మందుల గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. పదకొండో మంచం దగ్గర వెంకటస్వామి భార్య దాలమ్మగారితో మాట్లాడుతోంది. మాస్కు తీసి కాస్త గంజి తాగించొచ్చా అని ఆవిడ అడిగింది. ఇంతలో డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటరుకి వెళుతూ, నడుస్తూనే, చార్టుకేసి చూసి ఒక మాట అనేసి పోయాడు. గ్యారహ్ నంబర్, ఆక్సిజన్ చాలూ. తెలుగులో ఉన్న చెవిలో ఆ మాట తెలుగుగానే పడింది. చాలు. మనిషి పొద్దుటికన్నా బాగున్నాడు కదా అనుకుని మూసింది. ఇరవై ఆరో మంచం ఆవిడ వాంతి చేసుకుంటే అటు పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఇలా ఉంది. హన్నాకి మూడుసార్లు ఫోను చేసింది.

హన్నాకి ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. చెంప మీద కొట్టబోయినట్టు చెయ్యి లేచింది.

"వాపస్ ఎందుకు చెప్పలేదే?"

"ఆయన ఆగలేదు సిస్టర్. పోయిన వారం వెనక నుంచి కేకేసి వాపస్ చెబితే, అందరి ముందూ చిలకవా నువ్వు అని తిట్టారు."

హన్నా చెయ్యి దించేసింది.

సాహూ ఫారం పట్టుకుని వచ్చాడు. అందులో బాధ్యురాలైన నర్సు పేరు రాయడానికి గడి ఉంది. డాక్టరు పేరుకి గడి లేదు. వార్డులో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అన్నదానికీ లేదు. నిర్లక్ష్యం అని రాసి సంతకం పెడితే చాలన్నాడు, పిల్లని ఇవాళే పంపేస్తారు, నర్సింగు కౌన్సిలుకి కూడా రాస్తారు. ఆ పిల్ల ఇక ఎక్కడా సూది పట్టుకోలేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే ఇదే. రెండు గంటల కిందట ఇదే మేనేజరు నాలుగో అంతస్తులో ముందు వరసలో కూచుని, నింద మోపకూడదన్నప్పుడు తల ఊపాడు.

ఇంకో పని కూడా అప్పగించాడు. ముసలావిడకి హిందీ అంతంతమాత్రం కాబట్టి, ఊపిరితిత్తులు చెడిపోయి పోయాడని హన్నాయే తెలుగులో నచ్చజెప్పాలి. మీవాళ్లే కదా, అన్నాడు.

మావాళ్లే, అంది హన్నా.

దాలమ్మ వరండాలో బెంచీ మీద గంజి గిన్నె ఒళ్లో పెట్టుకుని కూచుంది. మూత ఇంకా తియ్యలేదు. హన్నా ఆవిడ పక్కన కూచుని, గొంతు తగ్గించకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరు అన్న మాట, పిల్ల విన్న మాట, మూసిన మర, తను ఎక్కడ కూచుని ఏం నేర్చుకుంటోందో అదీ. దాలమ్మ గిన్నె మూత మీద వేలితో రాస్తూ వింది.

"కారకానాలో ఎనక్కి సెప్పనోడి సేతికి సుత్తి ఇచ్చీవోడు కాదమ్మా మా ముసలాయన," అంది. "ఈల డాక్టర్లకి ఎవులూ నేర్పనేదేటి?"

హన్నా గిన్నె అందుకుని బెంచీ మీద పెట్టింది.

"ఆ పిల్లని నా ఎదరకి అంపకు. ఇయ్యాల అంపకు. నువ్వు సెప్పింది కాయితం మీద రాసియ్యి. మా శివాజీ బిలాస్‌పూర్ నుండి బయిల్దేరినాడు, ఆడికి సూపెడతాను."

హన్నా ఫారం పక్కకి నెట్టేసింది. పాత ఇండెంటు పుస్తకంలోంచి కార్బను కాగితాలు తీసి మూడు తెల్లకాగితాల మధ్య పెట్టింది. మూడో కాగితం దాకా దిగేలా నొక్కి రాసింది. మర మూసింది కీర్తన. మాట అనేసి ఆగకుండా పోయింది డ్యూటీ డాక్టరు. ముప్పై నాలుగు మంచాలకి ఒక్క నర్సుని వదిలింది ఆసుపత్రి. ఆ మాట వాడొద్దని రాసిన పట్టీలు గీకించింది సాహూ. ఇవన్నీ తెలిసి, ఫోను బుట్టలో వేసి నాయకత్వం నేర్చుకోవడానికి వెళ్లింది తను. కింద హన్నా అని సంతకం పెట్టింది. ఒకటి వార్డు ఫైలులో పెట్టింది, ఒకటి దాలమ్మ చేతిలో పెట్టింది, ఒకటి సాహూ బల్ల మీద పెట్టింది.

సాహూ చదివాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. రిపోర్టు వాపస్ తీసుకో అన్నాడు.

"వాపస్ చెప్పడమే నేర్చుకున్నాను సార్," అంది హన్నా. "వాపస్ తీసుకోవడం నాకు రాదు."

అయితే రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. ముసలావిడ చేతిలో ఒక కాపీ ఉందని తెలిశాక మాత్రం కూలబడి, కీర్తన సంగతి ఏం చెయ్యాలో లాయరుని అడగాలన్నాడు. ఇందాకటి తొందర ఇప్పుడు లేదు.

రెండింటికి షిఫ్టు మారింది. హన్నా అలమారలోంచి టిఫిను డబ్బా, చెప్పులు, గొడుగు తీసుకుంది. పంతొమ్మిదేళ్లకి పోగైంది అంతే. కీర్తన గుమ్మం దగ్గరికి వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నిన్ను ఎవరేం అడిగినా జరిగింది జరిగినట్టు చెప్పు," అంది హన్నా. "ఏం చెప్పాను?"

"జరిగింది జరిగినట్టు చెప్పాలి."

"ఏం జరిగింది?"

కీర్తన నోరు రెండుసార్లు తెరిచి మూసింది. "నేను మూశాను సిస్టర్. వాపస్ చెప్పకుండా మూశాను."

హన్నా తల ఊపింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది గాని వెయ్యలేదు. కుడికాలు ఈడుస్తూ మెట్లు దిగి, ఎండలో తెలీబంధా వైపు పోయే ఆటో ఎక్కింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పూలూ చల్లలేదు.

పదకొండో మంచానికి కీర్తన ఉతికిన దుప్పటి పరిచింది. తలగడ సరిచెయ్యబోయి గోడకేసి చూసింది. మూసి ఉన్న మర కింద, గీకిన సున్నం మీద, కొత్త ప్లాస్టరు ముక్క ఒకటి అంటించి ఉంది. తొందరలో రాసినట్టున్నాయి, నీలం అక్షరాలు కొంచెం పాకాయి. చాలు అనొద్దు, తెరువు అను, మూయి అను, వాపస్ చెప్పు. ఒక మూల అప్పుడే లేస్తోంది.