షికారు పడవ

చిన్నపోలయ్య కొన్న పడవ పాతది. ఊళ్లో అందరూ ఇంజన్లు పెట్టుకున్నాక తెరచాప పడవను అడిగేవాడు లేక, సరస్సు గట్టు మీద బోర్లా పడి ఉండేది. పొయ్యిలోకి పోవాల్సిన దాన్ని చవగ్గా తెచ్చుకున్నాడు. చెక్కల సందుల్లో పీచు కూరి తారు పూశాడు. చిరిగిన చాపకు పెళ్లాం పాతచీరల ముక్కలు వేసి కుట్టాడు.

"ఈ వయసులో వేటకు బోతావా మామా?" అని నవ్విన వాళ్లకు ఒకటే జవాబు.

"వేటకు గాదు. షికారుకు."

వేట సంగతి కొడుకు గణేష్ చూసుకుంటున్నాడు. ముసలాయన కోరిక చిన్నది. భార్య మస్తానమ్మను, మనవరాలు సుప్రియను పడవలో కూర్చోబెట్టి అవతలి ఇసకతిప్పకు తీసుకుపోవాలి. అక్కడ అన్నం తిని, కొంగలను చూసి, పొద్దుగూకే లోపల తిరిగి రావాలి. మస్తానమ్మ కాపురానికొచ్చిన నాటినుంచి ఆ నీళ్లలోనే బతికింది. మెడలోతులో కూర్చుని, బురదలో చేతులతో తడిమి రొయ్యలు ఏరింది. ఆ సరస్సును గడ్డం ఎత్తునుంచి చూసిందే గాని, ఏనాడూ పైనుంచి చూడలేదు.

ఆదివారం పొద్దున సద్దిక్యారేజీ పడవలో పెట్టారు. సుప్రియ ముందే ఎక్కి కూర్చుంది. మస్తానమ్మ చీర ఎగదోపి ఒక కాలు పడవలో పెట్టిందో లేదో, గట్టు మీదనుంచి కేక వినిపించింది. ఊరిపెద్ద హజరత్తయ్య. వెనక పదిమంది మగవాళ్లు.

"దిగు మస్తానమ్మా! ఆడమనిషి వేటపడవ తొక్కగూడదని దురాయి ఉండాది గదా!"

దురాయి అంటే ఊరి కట్టు. అది మీరిన ఇంటికి సరస్సులో వల వేసే వంతు పోతుంది. సాగనంపడానికొచ్చిన గణేష్ తండ్రి దగ్గరికి జరిగాడు.

"ఇది వేటపడవ గాదన్నా. వల ల్యాదు చూడు" అన్నాడు చిన్నపోలయ్య.

"మరేంది?"

"షికారు పడవ."

హజరత్తయ్య మీసం కింద నవ్వాడు. తగువులు తీర్చి తీర్చి పదునెక్కిన నోరు అది.

"షికారంటే ఏందిరా? అడవికి తుపాకీ ఎత్తుకోని షికారుకు బోయినారంటే దేనికి బోయినట్టు? వేటకే గదా! నీ నోటితో నువ్వే ఒప్పుకున్న్యావు."

"చిక్కినాడ్రా పోలయ్య మామ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గట్టంతా నవ్వింది.

చిన్నపోలయ్యకు ఒళ్లు మండింది. మాటకు మాట అంటించడం అతనికి ఏనాడూ చేతకాలేదు. కాని ఈసారి ఊరుకోలేకపోయాడు.

"పక్షుల పండగకొచ్చిన పట్నం ఆడోళ్లు చెప్పులతో ఎక్కినారే నీ పడవ! చెయ్యిచ్చి ఎక్కించింది నువ్వే గదా. అప్పుడేమైంది దురాయి?"

"వాళ్లు మనోళ్లు గాదు గదరా. కట్టు మన ఆడోళ్లకు."

మన ఆడోళ్లకు! ఆ మాట చిన్నపోలయ్య గుండెలో ముల్లులా దిగింది. ఊరుపేరు తెలియని ఆడదాని చెప్పు తగిలితే పడవకు ఏమీ కాదు. ఇంటికి కూడు పెట్టే ఆడదాని కాలు తగిలితే చేప పడదు! ఆమె ఏరిన రొయ్య అమ్మి డీజిల్ పోసుకునేటప్పుడు ఏ మగవాడికీ అంటు తగల్లేదు. ఎవడు పెట్టాడు ఈ కట్టు? వాడి అమ్మ ఏ నీళ్లలో నానిందో వాడికి తెలుసా?

"నాయనా, వొద్దులే" అని గణేష్ చెయ్యి పట్టుకున్నాడు. "వంతు బోతే ఏం తినేది?"

చిన్నపోలయ్య పెళ్లాం వైపు చూశాడు. దిగిపోతుందనుకున్నాడు. ఆమె కాలు తియ్యలేదు.

"ఏం హజరత్తన్నా, ఇది వేటపడవేనా?" అని అడిగింది.

"ముమ్మాటికీ."

"అట్లయితే వేటకే బోతాం. దినామూ నేను నీళ్లలో చేసేదేంది, పేరంటమా?"

అంటూనే రెండో కాలు కూడా పెట్టి, మనవరాలి పక్కన చతికిలబడింది.

"గణేషూ! నీ వంతు బోయిందిరా!" అని హజరత్తయ్య అరిచాడు.

ఆ అరుపుకు, కాస్త దూరంలో రొయ్యలు ఏరుతున్న ఆడవాళ్లు నీళ్లలోనుంచి లేచి నిలబడ్డారు. వాళ్లలో హజరత్తయ్య కోడలు దుర్గ ఉంది. రొయ్యలు వేసుకునే తాటాకుబుట్టను పళ్లతో కరిచిపట్టి, నీళ్లు చీల్చుకుంటూ వచ్చి పడవ అంచు మీద రెండు చేతులూ వేసింది.

"దుర్గా! ఏం జేస్తాండావు?" అని హజరత్తయ్య కేకేశాడు.

నోట్లో బుట్ట ఉంది. ఒక్క ఊపున పడవలోకి ఎగబాకింది. ఆమె వెనక ఇంకొకతె. ఆ వెనక మరో ఇద్దరు. "జరగండే, నన్నుగూడా కూకోనీండి!" అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. పడవ పక్కకు ఒరిగింది. సుప్రియ కిలకిల నవ్వింది. బరువుకు అడుగు బురదలో దిగబడి, పడవ కదలనంది.

చిన్నపోలయ్య పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. గణేష్ ఒక్క క్షణం గట్టు వైపు చూసి, తనూ దిగి రెండో పక్క పట్టుకున్నాడు.

"ఎవురెవురు ఎక్కినారో పేర్లు చెప్పండ్రా! అందరి వంతులూ తీసేస్తా!" అని హజరత్తయ్య వెనక్కి తిరిగి గద్దించాడు.

గట్టు మీద ఒక్కడూ నోరు విప్పలేదు. ఒకడి పెళ్లాం, ఒకడి అక్క, ఒకడి తల్లి, అందరూ పడవలోనే ఉన్నారు.

"నీ కోడలితో మొదలుబెట్టన్నా" అన్నాడు చిన్నపోలయ్య, పడవకు భుజం ఆనించి.