బ్రేకు తొడుగు

నేను ఒక పాత హైబ్రిడ్ కారుని. సగం పెట్రోలుతో, సగం బ్యాటరీతో నడుస్తాను. జాలితో మాత్రం నడవను. కాబట్టి ఈ కథలో నా దగ్గర కన్నీళ్లు వెతక్కండి.

నన్ను మొదట కొన్నది ఒక రైసుమిల్లు యజమాని. ఊరందరి నెత్తినా ఊక పొగ పోసే ఆ పెద్దమనిషి, సభలకి నాలో వచ్చి దిగి “గాలిని కాపాడుకోవాలండీ” అని ఉపన్యాసాలిచ్చేవాడు. ఆ ముచ్చట తీరాక ట్రావెల్స్ వాళ్లకి అమ్మేశాడు. అక్కడ నా బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. విజయవాడకీ హైదరాబాదుకీ ఏళ్ల తరబడి తిప్పారు. వెనకసీటు పక్కన నా బ్యాటరీకి గాలి పోయే కంత ఒకటుంది. మాసిపోకూడదని సీట్లకి మందపాటి కవర్లు తొడిగి ఆ కంతని మూసేశారు. సీటు శుభ్రంగానే ఉంది, బ్యాటరీ లోపల ఉడికిపోయింది. మూడు లక్షల పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాక నన్ను ఆటోనగర్‌లో రంగబాబు అనే బ్రోకరుకి వదిలించుకున్నారు.

రంగబాబు ఒక్క పూటలో నా వయసు తగ్గించాడు. మీటరు డెబ్బై తొమ్మిది వేలకి దిగింది. స్టీరింగుకి కొత్త తోలు వచ్చింది. బ్రేకు పెడలు రబ్బరు అరిగి, కింద ఇనుము కూడా అద్దంలా నున్నబడిపోయింది. దానిమీద కొత్త తొడుగు వేసి, కొత్తదని తెలియకుండా కాస్త మట్టి పులిమాడు. ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధలో సగం నా బ్యాటరీ మీద పెట్టి ఉంటే నేను నిజంగానే బతికేదాన్ని.

అప్పుడొచ్చాడు ఏడుకొండలు. లారీ డ్రైవరు. అస్సాం లోడు ఎత్తితే నెలన్నరకి గానీ ఇల్లు చేరడు. పోయినసారి ఇంటికెళ్తే నాలుగేళ్ల కూతురు చిన్ని తలుపు తీసి, “అమ్మా, ఎవరో అంకుల్ వచ్చాడు” అందట. ఆ మాటకి మనిషి విరిగిపోయాడు. ఉన్న ఒక్క ఇంటిస్థలం అమ్మేసి, కారు కొని, ఊళ్లోనే కిరాయికి తిప్పుకుంటూ రాత్రికి కూతురి పక్కన పడుకోవాలని అతని ఆశ. పాపం, ఆశ పడ్డానికి నేనే దొరికాను.

బండి చూసిపెట్టడానికి మామగారిని వెంట తెచ్చుకున్నాడు. కోటిలింగం, రిటైరైన బస్సు డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క ప్రమాదం లేదని ఇచ్చిన మెడల్‌ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. వస్తూనే రంగబాబుని గదమాయించాడు.

“మీటర్లు నాకు చూపించబాకయ్యా. మీటరు అబద్ధమాడుద్ది. పెడలు ఆడదు, తొక్కినకొద్దీ అరుగుద్ది. డిపోలో కుర్ర డ్రైవర్లకి నేను నేర్పిందే అది!”

వంగి పెడలు చూశాడు. మట్టి కొట్టుకున్న మందపాటి తొడుగు కనిపించింది. తల పంకించాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, “ఊఁ, స్టార్ట్ చెయ్” అన్నాడు.

“ఎప్పుడో చేశా బాబాయ్‌గారూ!” అన్నాడు రంగబాబు.

నేను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ మీద ఉంటాను, చప్పుడు చెయ్యను. ముసలాయన మొహం వెలిగిపోయింది. జీవితమంతా బస్సు ఇంజను పక్కన కూర్చున్న చెవికి నా మౌనం ఆరోగ్యంలా వినిపించింది. చచ్చినవాళ్లు కూడా చప్పుడు చెయ్యరని ఆయనకి తట్టలేదు.

“పక్కవీధిలో కంప్యూటర్ పెట్టి బ్యాటరీ చూస్తారంట, చూపిద్దామా మావయ్యా?” అని నసిగాడు ఏడుకొండలు.

“ఆ కంప్యూటర్‌కి ఎవరన్నా మెడల్ ఇచ్చారా ఏంటి?”

చుట్టూ చేరిన మెకానిక్కులు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆయనకి సారాలా ఎక్కింది. “తీసుకో అల్లుడూ. నా మాట మీద తీసుకో!” అని అందరూ వినేలా ప్రకటించాడు. రంగబాబు టీలు తెప్పించాడు.

టీ తాగాక కోటిలింగం సరదాగా నన్నొక చుట్టు తిప్పాడు. ఆయనొక్కడే ఎక్కాడు. మలుపులో బ్రేకు తొక్కేసరికి తొడుగు జారింది. చెప్పు విడిచి తొక్కే అలవాటేమో, వట్టి పాదం వెళ్లి నున్నటి ఇనుముకి తగిలింది. డెబ్బై తొమ్మిది వేలకి ఇనుము అలా అరగదని ఆ పాదానికి తెలిసినట్టు ఈ ఆటోనగర్‌లో ఎవరికీ తెలియదు.

వెనక్కి తిరిగొచ్చేసరికి అల్లుడు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఒక్క మాట చాలు, “వద్దురా” అని. కానీ చుట్టూ అంతమంది ఉన్నారు, నవ్వినవాళ్లంతా ఉన్నారు. కోటిలింగం బొటనవేలితో తొడుగుని మెల్లగా యథాస్థానంలోకి నెట్టి, చెప్పు వేసుకుని దిగాడు.

“వెన్నలా ఉందయ్యా బండి” అన్నాడు.

నా చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. దిష్టి పోయిందట. దిష్టి ముందుసీటులో కూర్చుని దర్జాగా ఇంటికొచ్చింది.

నిజం చెప్పాలి, నలభై రోజులు బాగానే గడిచాయి. చిన్ని మూడో రోజుకే “నాన్నా” అంది. పదో రోజుకి తండ్రి భుజం దిగడం మానేసింది. నలభయ్యో రోజు మిట్టమధ్యాహ్నం, కృష్ణా వారధి నడిబొడ్డున, నా బ్యాటరీ కళ్లు తేలేసింది. వెనక బస్సులన్నీ హారన్లు మోగించాయి. కొత్త బ్యాటరీ వేయించాలంటే ఇంకో ఇంటిస్థలం కావాలి. అది ఏడుకొండలుకి లేదు.

నన్ను తుక్కుకొట్టుకి లాక్కొచ్చిన రోజే, ఎదురుగా ఉన్న లారీ ఆఫీసు దగ్గర అతను మళ్లీ అస్సాం లారీ ఎక్కాడు. ఎక్కేముందు మామగారి కాళ్లకి దండం పెట్టాడు.

“మీ తప్పేముంది మావయ్యా? మీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

కోటిలింగం రంగబాబుని ఏడు తరాల దాకా తిట్టాడు. అందరికంటే గట్టిగా ఆయనే తిట్టాడు.

లారీ కదిలిపోయింది. ఆయన కూతురు, చిన్ని తల్లి భ్రమరాంబ కొంగుతో మొహం తుడుచుకుని, “నాన్నా, ఆ రోజు నీకు రవ్వంత అనుమానం కూడా రాలేదా?” అని అడిగింది.

“వస్తే చెప్పనా అమ్మా?”

చిన్ని ఈలోపు నా వెనకసీట్లోకి ఎక్కేసింది. “తాతా, తొందరగా ఎక్కు! నువ్వు తోలు. నాన్నని పట్టుకుందాం!”

పిల్ల ఏడుపు ఆపడానికి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. భ్రమరాంబ కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన చెప్పు విడిచిన పాదం అలవాటుగా బ్రేకు మీదికి వెళ్లింది. తొడుగు ఊడి కింద పడింది. నున్నటి ఇనుము ఎండకి తళుక్కుమంది.

ఆమె ఇంకా చూడలేదు. కోటిలింగం కూతురి కళ్లలోకే చూస్తూ, బొటనవేలితో ఆ తొడుగుని వెతుకుతున్నాడు.