ఎర్రతీగలో సున్నా

పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరే వేళకే ఇస్త్రీపెట్టె మొరాయించాలని ఎవరు రాసిపెట్టారో గానీ, ఆ ఇంట్లో ఆవిడ చేతిలో పెట్టె చల్లగా, చీర ముడతలుగా ఉండిపోయాయి.

"ఎలక్ట్రీషియన్ని పిలుస్తానండీ."

"నేను చచ్చానా?" అన్నాడు భర్త. ఆయన అకౌంట్స్ ఆఫీసరు. కొత్తగా వోల్టేజీ కొలిచే చేతిమీటరు కొన్నాడు. అప్పట్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ కాఫీకి ముందే వోల్టేజీ గురించి చెబుతున్నాడు: "నీళ్ల ట్యాంకు ఎత్తులాంటిదండీ అది!"

ప్లగ్గు బోర్డు మూత విప్పి, మీటరు సూదులు రెండూ ఎర్రతీగ స్క్రూకే ఆనించాడు.

"సున్నా! ఇందులో వోల్టేజీ లేదోయ్."

"ఒకటి నల్లతీగకి పెట్టాలేమో?"

"పిచ్చిదానా, కరెంటొచ్చేది ఎర్రదాంట్లో. రానిదాన్ని కొలిచి ఏం లాభం?"

వోల్టేజీ అంటే రెండుచోట్ల మధ్య తేడా. టేపు రెండు కొసలూ మేడమీదే పెట్టి, మేడకి ఎత్తే లేదని తేల్చిన మహానుభావుడాయన.

ఆవిడ టేబుల్ లైటు తెచ్చి ఆ బోర్డుకే గుచ్చింది. భేషుగ్గా వెలిగింది. పాడైంది ఇస్త్రీపెట్టే.

"బల్బుకేం తెలుసు? చవకరకం!" అన్నాడాయన. "మీటరు అబద్ధం చెప్పదు. ఇదిగో, ఉత్తచేత్తో పట్టుకుంటా చూడు."

ఆవిడ వరండాలోకి పరిగెత్తి మెయిన్ స్విచ్చి దింపేసింది. లోపల్నుంచి కేక: "పట్టుకున్నానోయ్! ఏమైంది? ఏమీ కాలేదు!"

"మెయిన్ ఆపాను కాబట్టి!"

"ఆపినా ఆపకపోయినా సున్నా సున్నానే. వెయ్యి, నీ అనుమానం కూడా తీరిపోతుంది."

"తీగ వదలండి ముందు!"

"వదల్ను. ఆఫీసులో అంత పెద్ద లెక్కలు చూసేవాణ్ణి, నాకు సున్నా తెలీదా?"

ఆవిడ బతిమాలింది, తిట్టింది, ఏడుస్తానని బెదిరించింది. ఆయన తీగ పట్టుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడే ఉన్నాడు. మెయిన్ వెయ్యకపోతే ఈ సున్నా ప్రతాపాన్ని ఇకమీద ప్రతి పెళ్లిలోనూ, ప్రతి బంధువు ముందూ వినాలి. వేస్తే, వినే పనే ఉండదు.

బాబ్బాబు, చదివేవాళ్లలో తెలిసినవాళ్లుంటే ఆ ఇల్లాలికి ఏం చెయ్యాలో చెప్పి పుణ్యం కట్టుకోండి. కాస్త త్వరగా చెప్పండి. ఆవిడ చెయ్యి మెయిన్ మీదే ఉంది, ఆయనేమో లోపల్నుంచి ఇంకా ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు.