క్లైవ్ దాచిన వీసా

గ్లాసు తన ముందే పెట్టినా, మంచినీళ్లు తాగవచ్చా అని రొవేనా లాయరును అడిగింది. పక్కనున్న పెర్లా నెత్తి కొట్టుకుంది.

"నీళ్లకి కూడా పర్మిషనేంటే? తాగు తల్లీ!"

మెకాయ్‌లో పేదలకు ఉచితంగా సలహా ఇచ్చే ఆఫీసు అది. చెరకు మిల్లు వాసన కిటికీలోంచి లోపలికి కొడుతోంది. క్లైవ్‌ను పెళ్లాడి రొవేనా ఇలోయిలో అనే సొంతూరి నుంచి దేశం దాటి ఈ ఊరొచ్చి చాలా ఏళ్లయింది. వృద్ధాశ్రమం వంటగదిలో తనతో పనిచేసే పెర్లా, పంటి డాక్టరు దగ్గరికని క్లైవ్‌తో అబద్ధం చెప్పి ఆమెను ఇక్కడికి లాక్కొచ్చింది.

"మీ ఆయన కొడతాడా?" అని అడిగింది లాయరు బ్రాన్విన్.

"అయ్యో లేదు మేడమ్. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నాకే బుర్ర తక్కువ."

"ఆ మాట ఎవరన్నారు?"

"క్లైవే."

బెదురుతూనే మొదలుపెట్టి, తర్వాత ఆగకుండా చెప్పుకుపోయింది రొవేనా. ఎండుచేపలు వేయిస్తే కంపని పెనంతో సహా పెరట్లోకి విసిరేశాడు. స్నేహితులు భోజనానికి వస్తే, వాళ్ల ముందు "నేను మొద్దుని" అని చెప్పించాకే ఆమెకు కంచం ఇస్తాడు. శుక్రవారం వచ్చిందంటే బీరు సీసా పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరుస్తాడు. "వీసా ఆఫీసుకి ఒక్క ఈమెయిల్ కొట్టానంటే సోమవారానికి నువ్వు విమానంలో ఉంటావ్. కొట్టనా?" ఆమె నేలమీద మోకరిల్లి బతిమాలాలి. అతని కారు ఇంటి ముందు ఆగిన చప్పుడు వింటే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మం దగ్గర నిలబడుతుంది. నిద్ర లేదు. జుట్టు కుచ్చులుగా ఊడుతోంది.

"మనసును హింసించినా హింసేనమ్మా. మన చట్టం అదీ లెక్కలోకి తీసుకుంటుంది. మొగుణ్ని వదిలేసినంత మాత్రాన దేశం వదలక్కర్లేదు," అంది బ్రాన్విన్. "ముందు మీ వీసా ఎంతవరకు వచ్చిందో చూద్దాం."

పాస్‌పోర్టు క్లైవ్ బీరువాలో ఉంది. నంబరు మాత్రం రొవేనాకు కంఠతా వచ్చు. బ్రాన్విన్ కంప్యూటర్లో వెతికింది. తర్వాత లేచి తలుపు మూసి వచ్చింది.

"రొవేనా, మీకు శాశ్వత నివాస వీసా ఎప్పుడో వచ్చేసింది. నిరుడు మార్చిలోనే."

"వచ్చేసిందంటే?" పెర్లా కుర్చీ అంచుకి జరిగింది.

"అంటే, ఆయన ఎన్ని ఈమెయిళ్లు కొట్టినా ఈమెను పంపించలేడు."

దరఖాస్తులో ఇచ్చింది క్లైవ్ ఈమెయిలే. కబురు అతనికే వచ్చింది. చదివాడు. చదివిన తర్వాత కూడా ప్రతి శుక్రవారం లాప్‌టాప్ తెరిచాడు. మొన్న కూడా.

"నిరుడు ఆగస్టులో మా నాన్న పోయాడు మేడమ్," అంది రొవేనా. "వెళ్తానంటే, దేశం దాటితే వీసా రద్దవుతుంది, నీ ఇష్టం, అన్నాడు క్లైవ్. పక్క గదిలో ఆయన ఫుట్‌బాల్ చూస్తున్నాడు. నేను బట్టలుతికే గదిలో కూర్చుని, సౌండు తీసేసి, ఫోన్లో నాన్నను మట్టి చేయడం చూశాను. అప్పుడు నేను వెళ్లి ఉండచ్చా?"

"వెళ్లి, తిరిగి వచ్చి కూడా ఉండచ్చు," అంది బ్రాన్విన్.

"కంప్యూటరు తప్పు చూపిస్తోందేమో. మళ్లీ చూడండి."

మళ్లీ చూసింది. అదే తేదీ.

"వాడి నోట్లో మన్ను పడ!" అని పెర్లా బావురుమంది. రొవేనా కంట మాత్రం చుక్క రాలేదు.

అప్పుడే రొవేనా ఫోన్ మోగింది.

"పన్ను పీకించుకోడానికి ఇంతసేపా?" క్లైవ్ గొంతు గదంతా వినిపించింది. "వస్తావా, లాప్‌టాప్ తియ్యమంటావా?"

"సారీ, సారీ... వచ్చేస్తున్నా," అంది రొవేనా.

అటు ఫోన్ పెట్టేశాడు. తన నోట్లోంచి వచ్చిన మాట విని ఆమె కొయ్యబారిపోయింది. అంతా తెలిశాక కూడా సారీ చెప్పింది!

"నాకేమైపోయింది మేడమ్?"

"మానసిక వైద్యురాలి దగ్గరికి పంపిస్తాను," అంది బ్రాన్విన్. "ఇప్పుడు జరిగిందే ఆమెకు మొదట చెప్పండి."

ఆ సాయంత్రం రొవేనా పెర్లా ఇంటికి వెళ్లింది. పోలీసులు క్లైవ్ ఇంటికి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చారు. ఆమె దగ్గరికి రాకూడదని, ఫోన్ కూడా చేయకూడదని కోర్టు క్లైవ్‌ను కట్టడి చేసింది. అయినా పెర్లా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే ఆమె చాలాకాలం ఎవరో ఒకరి మొహం చూసేది.

వానలు వెనకబట్టాక రొవేనా సొంతూరు ఇలోయిలోకు వెళ్లింది. అంత్యక్రియలకు రాని కూతురితో తల్లి ఏడాదికి పైగా మాట్లాడటం లేదు. శ్మశానంలో సమాధి పక్కనే కలుపు పీకుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఇప్పుడు తీరిందా దొరసానికి?"

రొవేనా జరిగిందంతా చెప్పింది, మోకరిల్లిన శుక్రవారాలతో సహా. తల్లి చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది.

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అక్కడ?"

"ఎవరూ రమ్మనలేదమ్మా. నా ఇష్టం."

తల్లి కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. రొవేనా తండ్రి సమాధి మీద అరచెయ్యి ఆనించింది. అప్పుడు ఏడ్చింది.